పిల్లల చేతిలో ఫోన్: ఆన్‌లైన్ ప్రమాదాల నుంచి కాపాడుకోవడానికి తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

ఫొటో అడ్డం పెట్టుకుని డబ్బులు గుంజేవాడైనా, గేమ్‌లో పరిచయమై మెల్లగా లొంగదీసుకునేవాడైనా, పిల్లల మీద చివరికి వాడే ఆయుధం ఒకటే: "మీ అమ్మానాన్నలకు చెప్పేస్తా." ఆ మాటకు భయపడినంత కాలం పిల్లలు వాడు అడిగిందల్లా ఇస్తూ పోతారు. ఇంకో ఫొటో, ఇంకో వీడియో, నాన్న ఫోన్‌లోని డబ్బులు. ఆ మాట అనగానే "చెప్పుకో, మా ఇంట్లో ముందే తెలుసు" అనగలిగే పిల్లల దగ్గర వాడి ఆట సాగదు. కింద చెప్పే సెట్టింగులన్నీ అవసరమైనవే. కానీ మొదటి అడుగు వేయకుండా మిగతావన్నీ చేసినా ఉపయోగం తక్కువ.

మొదటి అడుగు: పిల్లలకు ఒక మాట ఇవ్వండి

ఏదైనా తప్పు జరిగినప్పుడు మన పిల్లలు ఎందుకు చెప్పరు? కారణాలు మనకు తెలిసినవే. ఫోన్ లాక్కుంటారు. కొడతారు. అమ్మాయి అయితే చదువు మాన్పించి పెళ్లి సంబంధాలు చూస్తారేమోనన్న భయం. అన్నిటికంటే ఎక్కువగా, ఈ సంగతి పెద్దమ్మకు, అత్తయ్యకు, మొత్తం చుట్టాలందరికీ తెలిసిపోతుందన్న సిగ్గు. కాబట్టి మాట ఇచ్చేటప్పుడు ఈ నాలుగింటికీ విడివిడిగా సమాధానం చెప్పాలి. "ఏదైనా ఉంటే చెప్పు" అని పైపైన అంటే సరిపోదు.

ఇద్దరే ఉన్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడో వంటింట్లో పని చేసుకుంటున్నప్పుడో, ఇలా చెప్పండి: "నాన్నా, ఫోన్‌లో నిన్ను ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు చెప్పు. నువ్వు పంపకూడనిది పంపినా సరే, చెప్పు. నేను కొట్టను. ఫోన్ తీసుకోను. చదువు మాన్పించను. చుట్టాల్లో ఎవరికీ చెప్పను. ముందు వాడి సంగతి చూద్దాం, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం." నాన్న విడిగా ఇదే మాట చెప్పాలి. ఇంట్లో ఒకరు మాట ఇచ్చి ఇంకొకరు చెయ్యెత్తితే ఆ మాటకు విలువ ఉండదు.

మీతో చెప్పలేనిది చెప్పుకోవడానికి ఇంకో పెద్ద మనిషిని కూడా చూపించండి. పిన్ని, మేనమామ, ఒక టీచర్, ఎవరైనా సరే. ఆ మనిషిని పిల్లలే ఎంచుకోవాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో ఆడపిల్ల ఫోన్ మీద వంద కళ్లు ఉంటాయి, మగపిల్లాడి ఫోన్‌ను ఎవరూ పట్టించుకోరు. డబ్బుల కోసం ఫొటోలతో బెదిరించే ముఠాలు ఎక్కువగా గురిపెట్టేది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లల మీదే అని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పదే పదే హెచ్చరించింది. అమ్మాయి పేరుతో ఒక ఐడీ రిక్వెస్ట్ పంపుతుంది, రెండు రోజుల్లో ఫొటోలు ఇచ్చిపుచ్చుకోవడం దాకా వెళ్తుంది, మూడో రోజు డబ్బులు అడుగుతుంది. కాబట్టి ఈ మాట కొడుక్కీ కూతురికీ ఒకేలా ఇవ్వండి.

రెండో అడుగు: ఫోన్‌లో ఏముందో కలిసి చూడండి

ఒక సాయంత్రం పక్కన కూర్చుని పిల్లలనే చూపించమనండి. ఏ యాప్‌లు ఉన్నాయి, ఏ గేమ్ ఆడుతున్నారు, అందులో చాట్ ఉందా, ఇన్‌స్టాలో ఒక ఐడీనా రెండా. తనిఖీకి వచ్చినట్టు కాకుండా, నిజంగా నేర్చుకోవడానికి అడగండి. మీకు ఇంగ్లిష్ మెనూలు అర్థం కాకపోతే ఆ సంగతి చెప్పి వాళ్లనే నేర్పమనండి. గేమ్ ఒక రౌండ్ మీరూ ఆడండి. "ఈ స్క్వాడ్‌లో (జట్టులో) నీకు నిజంగా తెలిసినవాళ్లు ఎవరు?" అన్న ప్రశ్న అప్పుడు సహజంగా వస్తుంది.

మన ఇళ్లలో పరిస్థితులు రకరకాలు. చాలా చోట్ల ఫోన్ ఒక్కటే, అది నాన్నది, అందులోనే ఫోన్‌పే, అందులోనే పిల్లల కార్టూన్లు. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉంటారు, ఫోన్ అమ్మమ్మ చేతిలో ఉంటుంది. ఇంటర్ పిల్లలు హాస్టల్లో నెలల తరబడి ఫోన్ లేకుండా ఉండి, దసరాకో సంక్రాంతికో ఇంటికి రాగానే రాత్రంతా అందులోనే ఉంటారు. ఈ మూడో రకానికి సెలవుల మొదటి రోజే మాట్లాడటం ముఖ్యం, ఎందుకంటే ఏడాది పొడవునా నేర్చుకోవాల్సిన జాగ్రత్త వాళ్లకు పది రోజుల్లో నేర్చుకోవాల్సి వస్తుంది.

వయసు సంగతి. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, స్నాప్‌చాట్ అన్నీ 13 ఏళ్లు నిండినవాళ్లకే. ఏడో తరగతి పిల్లాడికి ఇన్‌స్టా ఉందంటే పుట్టిన సంవత్సరం తప్పుగా ఇచ్చి తెరిచినట్టే. దీని నష్టం చాలామంది ఆలోచించరు. 12 ఏళ్ల పాపకు 20 ఏళ్లని రాసి ఉంటే, ఆ యాప్ ఆమెను పెద్దమనిషి కిందే చూస్తుంది, పిల్లలకోసం పెట్టిన రక్షణలేవీ వర్తించవు. అలాంటి అకౌంట్ కనిపిస్తే తీసేయించండి. 13 దాటితే సరైన పుట్టిన తేదీతో కొత్తది తెరిపించండి.

మూడో అడుగు: ఫోన్‌ను సిద్ధం చేయండి

ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ వేసుకుని, పిల్లల పేరున గూగుల్ అకౌంట్ తెరిచి జత చేయండి. ఆ తర్వాత కొత్త యాప్ దించుకోవాలంటే మీ అనుమతి అడుగుతుంది. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి లాక్ కావాలి అన్నది మీరే పెట్టొచ్చు. ఐఫోన్‌లో ఇదే పని సెట్టింగ్స్‌లోని స్క్రీన్ టైమ్ చేస్తుంది. అందులో 'కమ్యూనికేషన్ సేఫ్టీ' అనే ఏర్పాటు నగ్న చిత్రం వస్తే దాన్ని మసకబార్చి పిల్లలను హెచ్చరిస్తుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఒకే ఫోన్ అందరూ వాడే ఇంట్లో ఫ్యామిలీ లింక్ కుదరదు. అక్కడ ఇలా చేయండి. ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంక్ యాప్‌లు, గ్యాలరీకి యాప్ లాక్ పెట్టండి. ఆ లాక్ నంబర్ ఫోన్ తెరిచే నంబర్‌కు వేరుగా ఉండాలి. చిన్నపిల్లలకు కార్టూన్ పెట్టి ఇచ్చేటప్పుడు యాప్ పిన్నింగ్ వాడండి, అప్పుడు మీ పిన్ కొట్టకుండా ఆ యాప్‌లోంచి బయటికి రాలేరు. కొన్ని ఫోన్లలో పిల్లలకు వేరే యూజర్ ప్రొఫైల్ కూడా పెట్టుకోవచ్చు.

వాట్సాప్‌లో ఏదైనా ఫైల్ వస్తే, దాని పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలాన్ అని, పెళ్లి శుభలేఖ అని రకరకాల పేర్లతో ఇవి తిరుగుతున్నాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోని మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడికి వెళ్తాయి. గేమ్‌లో డబ్బులా చెల్లే డైమండ్స్, యూసీ ఉచితంగా ఇస్తామంటూ పిల్లలకు పంపేవీ ఇలాంటివే. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్‌లు వేసుకునే అనుమతి సెట్టింగ్స్‌లో ఆపేయండి.

ఇక చోటు సంగతి. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్లన్నీ, మీవి కూడా, హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి. నా దృష్టిలో ఖర్చు లేని, అన్నిటికంటే ఎక్కువ పనిచేసే నియమం ఇదే. అర్ధరాత్రి గదిలో ఒంటరిగా ఉన్న పిల్లలతో మాట కలపడం ఈ ముఠాలకు చాలా తేలిక.

చాటుగా నిఘా యాప్ పెట్టడం గురించి చాలామంది అడుగుతారు. పదేళ్ల పిల్లల ఫోన్ పాస్‌వర్డ్ మీకు తెలియడం సహజం, ఆ సంగతి పిల్లలకూ తెలిసి ఉండాలి. పదహారేళ్ల పిల్లల చాట్‌లు దొంగచాటుగా చదవడం నేను ఒప్పుకోను. ఒకసారి బయటపడితే మీరు మొదట ఇచ్చిన మాట పోతుంది, రెండో ఐడీ మొదలవుతుంది.

నాలుగో అడుగు: ఒక్కో యాప్‌లో మార్చాల్సినవి

ఇన్‌స్టాగ్రామ్: 2025 నుంచి మన దేశంలోనూ టీన్ అకౌంట్లు వచ్చాయి. సరైన వయసు ఇస్తే అకౌంట్ తనంతట తానే ప్రైవేట్ అవుతుంది, తెలియనివాళ్లు మెసేజ్ పంపలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగిపోతాయి. 16 ఏళ్లలోపువాళ్లు వీటిని సడలించాలంటే మీ అనుమతి కావాలి. తల్లిదండ్రుల పర్యవేక్షణ కోసం ఉన్న 'సూపర్‌విజన్' ఆన్ చేస్తే గత ఏడు రోజుల్లో ఎవరితో చాట్ చేశారో పేర్లు కనిపిస్తాయి, మెసేజ్‌లు కనిపించవు. ఈ పద్ధతి నాకు నచ్చింది, పిల్లలకు గౌరవం ఉంటుంది, మీకూ కాస్త నిశ్చింత. అయితే ఫాలోవర్ల జాబితా ఒకసారి కలిసి చూడండి. ప్రైవేట్ అకౌంట్‌లో ఎనిమిది వందల మంది ఫాలోవర్లుంటే అది ప్రైవేట్ ఎలా అవుతుంది?

వాట్సాప్: ప్రైవసీలోకి వెళ్లి డీపీ, స్టేటస్, లాస్ట్ సీన్ కాంటాక్ట్స్‌కు మాత్రమే కనిపించేలా పెట్టండి. గ్రూపుల్లో చేర్చే హక్కు కూడా కాంటాక్ట్స్‌కే. తెలియని నంబర్ల కాల్స్‌ను సైలెంట్ చేసే ఏర్పాటు ఆన్ చేయండి, ముక్కూ మొహం తెలియనివాళ్ల వీడియో కాల్ ఎత్తడంతోనే చాలా కథలు మొదలవుతాయి. టూ-స్టెప్ వెరిఫికేషన్ (అకౌంట్‌కు అదనంగా ఒక పిన్) పెట్టండి. 'లింక్డ్ డివైజెస్'లో మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే తీసేయండి.

టెలిగ్రామ్: పిల్లలు దీంట్లోకి సినిమాల కోసం, ఎంట్రన్స్ మెటీరియల్ కోసం వెళ్తారు. అక్కడ ప్రశ్నపత్రం ముందే ఇస్తామనే మోసగాళ్లు, బెట్టింగ్ లింకులు, అశ్లీల గ్రూపులు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఫోన్ నంబర్ ఎవరికీ కనిపించకుండా, గ్రూపుల్లో కాంటాక్ట్స్ తప్ప ఎవరూ చేర్చకుండా పెట్టండి.

స్నాప్‌చాట్: మ్యాప్‌లో 'ఘోస్ట్ మోడ్' ఆన్ చేస్తే పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ కనిపించదు. మెసేజ్ మాయమైపోతుందన్న ధైర్యంతోనే పిల్లలు ఫొటోలు పంపుతారు. ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ను ఫొటో తీయడానికి ఒక్క క్షణం చాలని మీరే చేసి చూపించండి.

యూట్యూబ్: చిన్నవాళ్లకు యూట్యూబ్ కిడ్స్. అందులో మీరు ఎంచుకున్న వీడియోలే కనిపించేలా పెట్టుకోవచ్చు. అన్నం తినిపిస్తూ ఫోన్ ఇచ్చే ఇళ్లలో కనీసం ఆటోప్లే ఆపండి.

ఐదో అడుగు: డబ్బు దారులు మూయండి

యూపీఐ పిన్ పిల్లలకు తెలియకూడదు. కిరాణా కొట్లో వాళ్ల ముందే పిన్ కొడుతుంటాం, వాళ్లకు రెండోసారికే గుర్తుండిపోతుంది. యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అడగదు కాబట్టి పిల్లలు వాడే ఫోన్‌లో అది వద్దు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదన్నది పిల్లలకు నోటికి రావాలి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను, వాటి ప్రకటనలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. అయినా బయటి దేశాల బెట్టింగ్ యాప్‌ల లింకులు తిరుగుతూనే ఉన్నాయి. అలాంటివాటిని ఎవరైనా రీల్స్‌లో పొగుడుతుంటే అది చట్టవిరుద్ధమని పిల్లలకు చెప్పండి.

డిగ్రీ, ఇంజినీరింగ్‌లో చేరుతున్న పిల్లలకు ఇంకో హెచ్చరిక కావాలి. "నీ బ్యాంక్ ఖాతా, సిమ్ కొన్నాళ్లు ఇవ్వు, కమీషన్ ఇస్తాం" అని సీనియర్లో స్నేహితులో అడుగుతారు. సైబర్ మోసగాళ్లు దోచిన డబ్బు ఆ ఖాతా గుండా పోతుంది. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే.

ఆరో అడుగు: మచ్చిక చేసుకునే తీరు నేర్పండి

"తెలియనివాళ్లతో మాట్లాడకు" అన్న సలహా గేమ్‌లో పనిచేయదు, అక్కడ అందరూ తెలియనివాళ్లే. పిల్లలు గుర్తుపట్టాల్సింది మనిషిని కాదు, వరసను. ఆ వరస దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ముందు పొగడ్త. "నీ ఆట సూపర్ తమ్ముడూ", "నీ రీల్ చాలా బాగుంది చెల్లీ." ఇలా చుట్టరికం కలపడంతో పిల్లలకు నమ్మకం కుదురుతుంది. తర్వాత బహుమతి: గేమ్‌లో స్కిన్ (పాత్రకు కొత్త వేషం), రీచార్జ్, రీడీమ్ కోడ్. తర్వాత చోటు మార్పు: "ఇక్కడ వద్దు, వాట్సాప్‌కు రా", "టెలిగ్రామ్‌లో మాట్లాడుకుందాం." ఆపై ఓదార్పు: "మీ ఇంట్లోవాళ్లు నిన్ను అర్థం చేసుకోరు, నేనున్నాగా." ఇంట్లో మనం తిట్టిన రోజే ఈ మాట బాగా తాకుతుంది. తర్వాత రహస్యం: "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి." చివరికి ఫొటో, లేదా కలుద్దామన్న అడుగు.

ఈ మెట్లలో మూడు వరసగా కనిపిస్తే మీకు చెప్పాలని ఒప్పందం పెట్టుకోండి. రహస్యంగా ఉంచమన్న ఒక్క మాట వస్తే మాత్రం మూడుదాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలు ఏమీ పంపకపోయినా ప్రమాదం ఉంది. మామూలు డీపీని తీసుకుని ఏఐతో నగ్న చిత్రంగా మార్చేస్తున్నారు. కొన్నిసార్లు ఆ పని చేసేది క్లాస్‌మేట్లే. మీ బిడ్డకు రెండు వైపులా చెప్పాలి: నీకు జరిగితే అది నీ తప్పు కాదు. నువ్వు సరదాకు చేసినా, వేరేవాళ్లు చేసింది ఫార్వర్డ్ చేసినా అది నేరం. 18 ఏళ్లలోపువాళ్ల అశ్లీల చిత్రాలను పంచడం, తయారుచేయడం ఐటీ చట్టంలోని 67బీ సెక్షన్ కింద, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద శిక్షించదగిన నేరాలు. అలాంటివి దాచుకోవడమూ నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే భయాల గురించి కూడా ఒక మాట. 2018, 2019 ప్రాంతాల్లో 'మోమో ఛాలెంజ్' పిల్లల ప్రాణాలు తీస్తోందని దేశమంతా ఫార్వర్డ్‌లు తిరిగాయి. చివరికి అది వట్టి పుకారని తేలింది. అలాంటివి పిల్లలకు చూపించి భయపెడితే, అసలు ప్రమాదం గురించి చెప్పినప్పుడు కూడా నమ్మరు.

ఏడో అడుగు: మనం పెట్టే ఫొటోలు

యూనిఫామ్‌లో బడి పేరు, మెడలో ఐడీ కార్డు, పుట్టినరోజు తేదీ, ఇంటి ముందు బండి నంబర్. స్టేటస్‌లో మనమే పెట్టేస్తాం. ర్యాంకు వచ్చినప్పుడు హాల్‌టికెట్‌తో సహా పెట్టేవాళ్లూ ఉన్నారు. స్నానం చేయిస్తున్న ఫొటోలు, బట్టల్లేని చంటిపిల్లల ఫొటోలు ఎంత ముద్దొచ్చినా పెట్టొద్దు. కాస్త పెద్ద పిల్లలైతే పెట్టే ముందు అడగండి. అడిగించుకున్న పిల్లలకే తమ ఫొటో మీద తమకు హక్కుందని అర్థమవుతుంది.

ఎనిమిదో అడుగు: జరగకూడనిది జరిగిన రోజు

పిల్లలు ఏడుస్తూ వచ్చి చెప్పారు, లేదా మీకే తెలిసింది. ఎంత టెన్షన్‌గా ఉన్నా మొదటి మాట ఇదే కావాలి: "చెప్పి మంచి పని చేశావు. మేమున్నాం." ఎందుకు చేశావన్న ప్రశ్న ఈరోజు అడగొద్దు. ఆ రాత్రి పిల్లలను ఒంటరిగా పడుకోనివ్వద్దు. బెదిరింపులకు గురైన పిల్లలు ప్రాణం తీసుకోవాలనుకునే ప్రమాదం నిజంగా ఉంది.

డబ్బు ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే ఇచ్చే ఇల్లని తెలుస్తుంది, మళ్లీ అడుగుతాడు. తిరిగి బెదిరించొద్దు, బతిమాలొద్దు.

ఏదీ డిలీట్ చేయొద్దు. పరువు పోతుందన్న కంగారులో చాట్ మొత్తం తుడిచేస్తే సాక్ష్యం పోతుంది. బెదిరింపు మెసేజ్‌లకు, అవతలివాడి ఐడీకి, ప్రొఫైల్ లింక్‌కు, ఫోన్ నంబర్‌కు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీకి స్క్రీన్‌షాట్లు తీయండి. బిడ్డ నగ్న చిత్రాన్ని మాత్రం కాపీ చేసి ఎవరికీ పంపొద్దు, సాయం చేసే బంధువుకు కూడా. ఫోన్ ఉన్నదున్నట్టు పోలీసులకు చూపిస్తే చాలు. ఇవన్నీ తీసుకున్నాకే ఆ ఐడీని యాప్‌లో రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి.

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. దొంగ విత్‌డ్రా చేసుకునే లోపు ఆ మొత్తాన్ని బ్యాంకుల్లో నిలిపివేయించే వ్యవస్థ అది, కాబట్టి గంటలు కాదు, నిమిషాలు లెక్క. ఫొటోలు, వేధింపులైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగం ఉంది. అక్కడ మీ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ప్రాణభయం ఉంటే 112. హైదరాబాద్‌లో మహిళల భద్రత కోసం 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు బృందాలు, షీ టీమ్స్‌ను కూడా అడగొచ్చు.

స్టేషన్ అంటే భయపడేవాళ్ల కోసం పోక్సో చట్టం, 2012 ఏం చెబుతోందో తెలుసుకోండి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, ఆ సమయంలో యూనిఫామ్ ఉండకూడదు. తల్లిదండ్రులు పక్కన ఉండొచ్చు. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. విచారణ మూసిన గదిలో జరుగుతుంది, పేరూ ఊరూ పత్రికల్లో రాకూడదు. దీనికి తోడు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, "మా పరిధి కాదు" అనడం కుదరదు. ఎవరైనా అలా అంటే ఈ మాటలే చెప్పి అడగండి.

ఫొటో ఇప్పటికే బయటికి వెళ్లిపోతే, లేదా వెళ్తుందన్న భయం ఉంటే, 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం దీన్ని నడుపుతోంది, ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు. 18 ఏళ్లలోపు తీసిన చిత్రాలకు వర్తిస్తుంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి ఒక డిజిటల్ వేలిముద్ర మాత్రం తయారై, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి సంస్థలకు చేరుతుంది, వాళ్ల వేదికల్లో ఆ చిత్రం కనిపిస్తే తొలగిస్తారు. నగ్న, మార్ఫింగ్ చిత్రాలపై ఫిర్యాదు అందితే 24 గంటల్లోగా తీసేయాలని మన 2021 ఐటీ నిబంధనలు కూడా ఆ సంస్థలకు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు అదే కేంద్రం నడిపే సైబర్‌టిప్‌లైన్‌కు ఫిర్యాదు చేయాలి. ఆస్ట్రేలియాలో ఈసేఫ్టీ కమిషనర్ కార్యాలయం ఉంది. అక్కడ 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపువాళ్లకు సోషల్ మీడియా అకౌంట్లే ఉండకూడదన్న చట్టం అమల్లో ఉంది, కాబట్టి ఇండియాలోని కజిన్స్‌కు ఉన్న అకౌంట్ మీ పిల్లలకు ఉండకపోవచ్చు. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

ఆ తర్వాత కొన్ని నెలలు

ఫిర్యాదు ఇచ్చాక అందరూ అయిపోయిందనుకుంటారు. పిల్లలకు అప్పుడే మొదలవుతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, బడికి వెళ్లనని మొండికేయడం, నోటిఫికేషన్ మోగగానే ఉలిక్కిపడటం గమనించండి. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు, ఉచితం.

బడిలోవాళ్ల ప్రమేయం ఉంటే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇలాంటి నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో కింద నేరమే, బడికీ అది వర్తిస్తుంది. "మనలో మనం సర్దుకుందాం" అంటే ఒప్పుకోకండి.

ఇక ఫోన్. కొన్నాళ్లు ఆ యాప్ వద్దని పిల్లలే అంటే సరే, లేకపోతే మీరు లాక్కోవద్దు, మాట ఇచ్చారు కదా. కొత్త ఐడీ కలిసి తెరవండి, పాత స్నేహితుల్లో ఎవరిని చేర్చుకోవాలో వాళ్లనే నిర్ణయించనివ్వండి. నెలకోసారి బిడ్డ పేరు, పాత ఐడీ పేరు వెతికి చూడండి. ఆ ఫొటో మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే, మొదటి ఫిర్యాదు నంబర్ జతచేసి అదే రోజు పోర్టల్‌లో మళ్లీ ఫిర్యాదు చేయండి. అందుకే ఆ నంబర్, స్క్రీన్‌షాట్లు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఒక ఫైల్‌లో పెట్టి మీ దగ్గరే ఉంచండి, పిల్లల కంటబడే చోట కాదు.